మేడ మీంచి పిలిచిన కథ

నంద్యాల వెళ్లొచ్చానంటే మా చీరాల బజారులో అందరూ అడిగింది ఒకటే: అక్కడ పత్తి ఎంత పలుకుతోందని. పత్తికి కాదు, కథల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లానని చెబితే సగం మంది నవ్వారు, మిగతా సగం నేనేదో ధర దాస్తున్నాననుకున్నారు. బట్టల కొట్లో పుట్టి, గజంబద్ద పట్టుకుని నడక నేర్చినవాడు కథల్ని కొలవడమేమిట్రా అని మా అన్నయ్య కూడా అడిగాడు. వెళ్లేటప్పుడు నా దగ్గర జవాబు ఉంది. వచ్చాక లేదు.

రష్యావాళ్లు ఆకాశంలోకి ఓ చిన్న చంద్రుణ్ణీ, దాని వెనకాలే ఓ కుక్కనీ పంపిన దగ్గర్నుంచి మన పత్రికల్లో సైన్సు వ్యాసాలకు గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్న సరుకు అమ్మడం మా ఇంటి విద్య కాబట్టి నేనూ నాలుగు వ్యాసాలు రాశాను. అవి చూసి నంద్యాలలోని ఒక గ్రంథాలయ సంఘంవారు, శాస్త్ర కల్పన కథలకు పోటీ పెడుతున్నామనీ, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరుగా రమ్మనీ రాశారు. రైలు చార్జీ రెండో తరగతికి అడిగాను. మూడో తరగతికి ఒప్పుకున్నారు.

కథలన్నీ ముందే పార్సిల్లో వచ్చాయి. రాసినవారి పేరు కనిపించకుండా ప్రతి కథ మూలనా ఓ కాగితం ముక్క అంటించారు. సగానికి పైగా కథల్లో కుక్క ఉంది. కొన్నింటిలో అది ఇంగ్లీషు మాట్లాడుతుంది, ఒకదానిలో సంధ్యావందనం చేస్తుంది. కొట్లో బేరాలు లేని మధ్యాహ్నాలు చదువుతూ, ఆవలిస్తూ, చివరికి అడుగున ఉన్న ఒక కథ దగ్గర ఆగిపోయాను.

అది చంద్రలోకం కథ. అక్కడ గాలి లేదు, కాబట్టి మాట వినబడదు. ఆ ఊరివాళ్లు మాట్లాడుకోవాలంటే తలకు పెట్టుకున్న గాజు టోపీలు ఒకదానికొకటి ఆనించుకోవాలి. నుదురుకు నుదురు ఆనితేనే మాట. అక్కడే పుట్టిన ఓ చిన్న పిల్లకు వాళ్లమ్మ అలాగే పాటలు చెప్తుంది. తల్లి చనిపోతుంది. ఆ పిల్లతో ఇంకెవరూ నుదురు కలపరు, వాళ్ల నాయన కూడా. ఆఖరి పేజీలో పిల్ల ఊరి చివర బోర్లా పడుకుని తన గాజు టోపీని నేలకు ఆనిస్తుంది. రాయిలోంచి ఊరందరి నడకా వినబడుతుంది; కుంటుతూ నడిచే వాళ్ల నాయన అడుగు కూడా. "నేల మాట్లాడుతోందని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఇంకో నుదురు కావాలి." అక్కడ కథ అయిపోతుంది.

ఆ కాగితాలు కౌంటర్ మీద పెట్టాను. ఒకావిడ జాకెట్టు గుడ్డ అడిగితే అడిగిన ధరకే ఇచ్చేశాను. అన్నయ్య నాకు జ్వరమేమోనని చెయ్యి పట్టుకు చూశాడు.

నల్లమల దాటుతూ

గుంటూరులో చిన్న బండి ఎక్కాలి. స్టేషను బయట ఇడ్లీ ఒకటి అణా. కొత్త నయాపైసల లెక్కలో అణాకు ఆరు పైసలు, నాలుగణాలకు పాతిక. నేను నాలుగు ఇడ్లీలూ ఒకసారి తీసుకోలేదు. ఒకటి తిని ఆరు పైసలిచ్చాను, ఇంకొకటి తిని ఇంకో ఆరు ఇచ్చాను. అలా ఇరవై నాలుగుతో ముగించి ఒక పైస మిగిల్చాను. ఈలోగా కూచోవడానికి చోటున్న పెట్టె నిండిపోయింది. వినుకొండ దాకా నిలబడే వెళ్లాను.

వినుకొండలో చోటు దొరికింది. పక్కన కూచున్నది నంద్యాల పత్తి దళారీ ఒకాయన. నేను ఏ పని మీద పోతున్నానో మూడు ప్రశ్నల్లో లాగేశాడు.

"ఓబుళయ్య పెట్టిన పోటీనా? ఆయప్ప మిల్లు మేడ మీదనే గదా అంతా. ఏమన్నా అనుకో అప్పా, నువ్వు పోయేది టీ తాగేదానికే. బహుమానం యాడికి పోవాల్నో ముందే రాసి పెట్టుకోనుంటాడు."

"ఎవరికండీ?" అన్నాను. పత్తి మిల్లు ఓబుళయ్య నా తోటి న్యాయనిర్ణేతల్లో ఒకరు.

"ఆయన కోర్టు పనులు చూసే వకీలు ఉండాడు గదా, ఆ వకీలే కుక్క కథ రాసినాడు. ఊరందరికీ చదివి చూపించినాడు. పేరు మింద కాయితం అంటిస్తే మాత్రం తెలీదా?" అని, "ఐనా మీ కోస్తావాళ్లకు మా ఊరి కథలతో పనేంది? రాజధానిని కర్నూలు నుంచి లాక్కోని పాయినారు. ఇంక కథలు కూడా లాక్కోని పోతారా?" అన్నాడు.

రాజధానిని హైదరాబాదు తీసుకెళ్లింది నేను కానని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

దిగువమెట్ట దాటాక సొరంగం వచ్చింది. పెట్టెలో చీకటి, పొగ, చెవులు పగిలే చప్పుడు. ఆ చీకట్లోనే నా ఎత్తు వేసుకున్నాను. కొట్లో చిన్నప్పుడు మా నాన్న నేర్పిన మొదటి పాఠం: నీకు కావలసిన సరుకును ముందు పక్కకు నెట్టు. వేరేదాన్ని మెచ్చుకో. కావలసినదానిలో ఒక తప్పు చూపించు. చివర్లో, పొద్దుపోయింది, సరే అదే ఇవ్వండి అను. ఓబుళయ్య వకీలు కథ పట్టుకుని కూచుంటే, పైనుంచి వచ్చిన కోస్తావాణ్ణి నేను చంద్రలోకం కథను నెత్తిన పెట్టుకుంటే, ఆ కథ ఖాయంగా పోతుంది. అందుకని దాన్ని ముందు కొంచెం తక్కువ చేసి మాట్లాడాలి. వెలుతురులోకి వచ్చేసరికి నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

నంద్యాల స్టేషను బయట

జట్కా బాడుగ ఆరణాలన్నాడు. మూడన్నాను.

"మూడణాలకు గుర్రం వస్తాది. నువ్వు దాని వెనకాల నడిసి రా" అన్నాడు జట్కావాడు, నవ్వకుండా. మా వైపు బేరానికి పది మాటలుంటాయి, ఇక్కడ ఒక్కటే. ఆరణాలకే ఎక్కాను.

ఆ ఊరి పొద్దుటి ఫలహారం ఉగ్గాని. నానబెట్టిన బొరుగుల్ని పుట్నాలపొడితో తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ వేస్తారు. మా వైపు బొరుగులంటే పిల్లలు జేబులో పోసుకు తినేవి. ఇక్కడ పెద్దమనుషులు విస్తరి ముందు కూచుని తింటారు. బజ్జీ కారానికి నా కళ్లు నీళ్లతో నిండాయి. హోటలాయన, "యాడి నుంచి వొచ్చినావప్పా, అంత ఏడుస్తాండావ్?" అన్నాడు.

మిల్లు ఎదుటి వీధి నిండా పత్తి బండ్లు. పొద్దున్నే ఓబుళయ్య గుమాస్తా మేడ మీది పిట్టగోడ దగ్గరికి వచ్చి ఆ రోజు పత్తి ధర గట్టిగా పిలిచాడు. కింద బండ్లవాళ్లంతా తలలెత్తి విన్నారు. రాతలేదు, సంతకం లేదు. మేడ మీంచి పిలిచిన ధర సాయంత్రం దాకా మారదట. మధ్యలో బయటి బజారు పడిపోతే నష్టం ఓబుళయ్యది, పెరిగితే రైతుది. ఆయన తండ్రి కాలం నుంచీ అంతేనని బండి తోలే ఒకాయన చెప్పాడు. మా కొట్లో గంటకో ధర. నాకు కాస్త సిగ్గు, చాలా అసూయ కలిగాయి.

మిల్లు మేడ

ముగ్గురం కూచున్నది ఆ పిట్టగోడ వెనకాల గదిలో. కింద యంత్రాలు ఆడుతుంటే పత్తి నూగు కిటికీలోంచి వచ్చి కథల మీద వాలేది. ఊదుకుంటూ చదువుకున్నాం.

ఓబుళయ్యకు అరవై దాటి ఉంటాయి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, తక్కువ మాట. మూడో ఆయన సుందరరావు గారు, పింఛను పుచ్చుకుంటున్న డాక్టరు. మనిషి చెప్పింది చెప్పినట్టు నమ్మే రకం. ఏ కథ ఎందుకు పోయిందో ఒక చీటీ మీద రాసి ఆ కథకు గుండుసూదితో గుచ్చే పని ఆయనది. ఓడినవారికి కారణం రాతలో అందాలని సంఘం నియమం.

ఇంకో నియమం కూడా ఉంది. మార్కులు వేయకూడదు, ముగ్గురూ ఒక్క మాట మీదికి రావాలి. అంతకు ముందు పద్యాల పోటీలో మార్కులు కూడబోయి ఇద్దరు పండితులు కండువాలు పట్టుకున్నారట. అందుకని ఇలా పెట్టారు. మంచి నియమమే. కానీ ముగ్గురూ ఒక్క మాట మీదికి రావాలంటే ఏమవుతుందో నాకు ఆ పూట అర్థమైంది. ఎవరైనా గట్టిగా ప్రేమించిన కథను ఇంకొకరు గట్టిగా కాదంటారు. అలా ప్రేమలన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుపోయాక, ఎవరికీ అడ్డం రానిది మిగులుతుంది.

మధ్యాహ్నానికి రెండు మిగిలాయి: వకీలు కుక్క కథ, చంద్రలోకం కథ. కుక్క ఆకాశం నుంచి తిరిగొచ్చి, పైన మునిసిపాలిటీ లేదు కాబట్టి అంతా శుభ్రంగా ఉందని చెప్తుంది. నవ్వొస్తుంది. చదివిన మర్నాటికి గుర్తుండదు.

నా ఎత్తు ప్రకారం నేనే మొదలెట్టాను. "కుక్క కథ సరదాగా ఉంది. ఈ రెండోదానిలో ఆ కడపటి పేజీ అనవసరం అనిపించింది. తల్లి చనిపోయినచోటే ఆపేయాల్సింది. ఊరికే లాగాడు."

ఓబుళయ్య నావైపు ఒక్క క్షణం చూశాడు. "ఔను. నుదురూ నుదురూ ఆనించుకునేది ఏంది, పొట్టేళ్ల మాదిరి. జనాలు నవ్వుతారు."

ఈయన నిజంగానే వకీలు మనిషి అనుకున్నాను. ధర ఇంకాస్త దించితే గానీ ఎత్తడానికి వీలుండదనుకుని, "పిల్ల రాయికి తల ఆనించడమైతే మరీ" అన్నాను.

"భాష కూడా బడిలో పాఠం మాదిరి ఉండాది" అన్నాడాయన.

డాక్టరు గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు మట్టుకు అది బాగున్నట్టే అనిపించింది సుమండీ. చదివినప్పుడు ఒక రకంగా అయింది. మీరిద్దరూ తెలిసినవాళ్లు, ఇద్దరికీ బాగలేదంటే నేను పట్టుబట్టడం ధర్మం కాదు. కుక్క కథే కానీండి." చీటీ తీసుకుని, కడపటి పేజీ అనవసరం, సాగదీత, అని గుండ్రటి అక్షరాలతో రాసి చంద్రలోకం కథకు గుచ్చేశారు.

నేను నోరు తెరిచాను. సరే అదే ఇవ్వండి అనే మాట నాలుక మీద ఉంది. ఎదురుగా ఓబుళయ్య కూడా ఏదో అనబోయినట్టు కనిపించాడు. అవతలివాడు ముందు పలకాలని ఇద్దరం ఎదురు చూశాం. బేరంలో ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడని ఇద్దరికీ తెలుసు. ఈలోగా గుమాస్తా డాక్టరు గారి చేతిలోని కుక్క కథ తీసుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లి, పత్తి ధర పిలిచిన గొంతుతోనే ఆ కథ పేరు పిలిచాడు. కింద వకీలు స్నేహితులు సిద్ధంగా ఉంచుకున్న టపాకాయలు పేలాయి.

ఆ తర్వాత పేర్ల మీది కాగితాలు ఒక్కొక్కటే తడిపి ఊడదీశాం. చంద్రలోకం కథ మూల ఊడదీసిన డాక్టరు గారి చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో. ఆళ్లగడ్డ ఏబేలు మాస్టరు. మిషను బడిలో సైన్సు చెప్పేవాడు. గొంతులో పుండు లేచి మాట పోయింది, బడి కూడా పోయింది. నేనే చూసి మద్రాసు పొమ్మన్నా. వచ్చే నెల అక్కడ గొంతుకు ఆపరేషను చేస్తారు. బతికొస్తాడో లేదో చెప్పలేం. పలక మీద రాసి చూపించినాడు నాకు: కథ గెలిస్తే ముందు వరసలో కూచుని వింటాను, ఆ తర్వాత ఏమైనా కానీ అని."

గెలిచిన కథను ఆ నెలలోనే జరిగే వార్షికోత్సవంలో చదివి వినిపించడం ఆ ఊరి వాడుక. చదివేది పద్యనాటకాల్లో భీముడి వేషం వేసే ఒకాయన. మైకు లేకపోయినా బజారంతా వినబడే గొంతు.

ఓబుళయ్య నన్నడిగాడు. "నిజం చెప్పప్పా. ఆ కథ నీకు నచ్చలేదా?"

"వచ్చిన కథలన్నింటిలో నాకు నచ్చింది అదొక్కటే. మీకు?"

"నేను రెండుసార్లు చదివినా. నువ్వు కోస్తావాడివి, మేం మెచ్చింది నువ్వు మెచ్చవని, ముందు కిందికి లాగితే..." అని ఆగిపోయాడు.

డాక్టరు గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అంటే మీరు బేరం చేస్తాండారా? నేను మీ మాటలు నమ్మి రాసినానే!"

మార్చేద్దామన్నాను. ఓబుళయ్య తల అడ్డంగా ఊపాడు. "మేడ మీంచి పిలిచినాక మార్చేది ల్యా. ఈ రోజు కథకు మారిస్తే రేపు పత్తికి మారుస్తాడంటారు. మా నాయన నాటి మాట అది." తప్పంటారా? నేనూ ఆ వ్యాపార జాతివాణ్ణే. ఆయనే మళ్లీ అన్నాడు: "ప్రత్యేక బహుమానం అని ఇంకోటి పెడదాం. అదే రోజు, అదే మనిషితో చదివిద్దాం. కుక్కది ముందు, ఇది తర్వాత. నువ్వు పోయి ఆయప్పను ఒప్పించుకోని రా. నువ్వు మాటకారివి."

ఆ కథను చంకన పెట్టుకుని ఆ పని ఒప్పుకున్నాను. సులువైన బేరం అనిపించింది. ఊరికే ఇచ్చేదాన్ని వద్దనేవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

ఆళ్లగడ్డ బస్సు

మర్నాడు బస్సు. నల్లరేగడి నేల, దారికి రెండు వైపులా జొన్న చేలు, దూరంగా నల్లమల. డాక్టరు గారి చీటీని దారిలో తీసి పారేద్దామని అనుకున్నాను. కానీ నా ఒళ్లో ఎవరిదో జొన్నల మూట, మూట మీద ఒక మేకపిల్ల, కథ ఉన్న నా సంచీ బస్సు మీద. మేకపిల్ల యజమానురాలు నన్ను, "ఏందన్నా, దాన్ని అట్ల పట్టుకుంటాండావ్, కరుస్తాదా?" అని కోప్పడింది. దారిలో చక్రం పంచరైతే అందరం దిగి చింతచెట్టు నీడలో కూచున్నాం. అప్పుడైనా సంచీ దించమని అడగాల్సింది. కండక్టరు పైకెక్కితే ఏదైనా ఇవ్వాలేమోనని అడగలేదు.

చర్చి వెనక వీధి

ఆళ్లగడ్డలో ముందు వినబడేది ఉలి. విగ్రహాలు చెక్కే ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. వీధి అరుగుల మీద సగం పుట్టిన దేవుళ్లు ఎండలో కూచుని ఉంటారు, ముక్కు వచ్చి కళ్లు రానివారు, చేతులు వచ్చి వేళ్లు రానివారు.

మాస్టరు ఇల్లు చర్చి వెనక, ఒక శిల్పి ఇంటికి ఆనుకుని ఉంది. నాపరాళ్ల గోడ. నంద్యాల నుంచి మాస్టారి కథ తెచ్చానంటే ఆయన భార్య కరుణమ్మ గుమ్మంలోనే నా చేతిలోని సంచీ అందుకుని, కాళ్లకు నీళ్లిచ్చింది. వచ్చినవారి చేతి బరువు ముందు దించుకోవడం ఆ వైపు మర్యాద. నేను దొడ్లో కాళ్లు కడుక్కుంటుంటే లోపల ఆవిడ మాట వినబడింది: "నీ కథ వొచ్చింది సూడు. నంద్యాల సారు తెచ్చినాడు."

పరుగెత్తాను. అప్పటికే కాగితాలు మంచం మీద ఆయన చేతిలో ఉన్నాయి. సన్నటి మనిషి, మెడకు మఫ్లరు. ఒక అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. అవతల శిల్పి వేసే ప్రతి దెబ్బకూ ఆ వేళ్లు కొద్దిగా కదులుతున్నాయి. ఆఖరి పేజీ ఎక్కడ పుట్టిందో అడగకుండానే తెలిసింది. ఇంకో చేత్తో డాక్టరు గారి చీటీ చదువుతున్నాడు.

చదివి, నన్ను చూసి నవ్వి, కూచోమని సైగ చేశాడు. పలక తీసుకుని రాశాడు: "సరిగ్గా చెప్పారు. సాగింది."

"లేదు మాస్టారూ, అది సరి కాదు. ఆ మాట అన్నది నేనే. కావాలని అన్నాను." మొత్తం చెప్పాను. మా కొట్టు, మా నాన్న పాఠం, సొరంగంలో వేసిన ఎత్తు, ఓబుళయ్య ఎత్తు. ప్రత్యేక బహుమానం సంగతీ, భీముడి వేషగాడి సంగతీ చెప్పాను. నా జన్మలో అంత నిజం అంత వరసగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. పలక తుడిచి రాశాడు: "మీరు చాలా మంచివారు."

"మంచివాణ్ణి కాదండీ! ఎవర్నైనా అడగండి!"

మళ్లీ రాశాడు: "తప్పిన పిల్లవాడికి జాలి మార్కులు నేనెప్పుడూ వెయ్యలేదు. నాకూ వద్దు."

కరుణమ్మ నిలబడి చదివింది. "అన్నా, నేనొకటి అడుగుతా. కథ బాగుండాదా, బాగలేదా?"

"బాగుందమ్మా. అన్నింటికన్నా బాగుంది."

"బాగుంటే ఏమిటికి ఇయ్యలేదు?"

"దాన్ని కోరుకున్నవాళ్లే ఎక్కువై..." అని ఆగాను. నాకే అది అబద్ధంలా వినబడింది.

"నిన్న బాగలేదని రాసిస్తిరి. ఈయన గొంతు సంగతి తెలిసినాక బాగుండాదని వొస్తిరి. యాది నమ్మాల మేము?" ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆ నాటకాల సారు గొంతుతో వినాలని ఎంత ఆశ పెట్టుకున్యాడో నాకు తెలుసు. పోనీలే, ఒప్పుకో అని నేను కూడా చెప్తాండా ఈయనకు. వినడు."

గుడ్డలో లోపం లేదని పదిమందిని ఒప్పించినవాణ్ణి, లోపం ఉన్నా ఒప్పించినవాణ్ణి. అతని పేజీని అతనికే అమ్మలేకపోయాను. మొదట దించిన నోటితో తర్వాత ఎంత ఎత్తినా అది ధర కాదు, మొహమాటం. కొట్లో అది నాకు తెలిసిన సంగతే. అప్పుడు నమ్మని వైపు నేనుండేవాణ్ణి.

మాస్టరు కాగితాలు సర్దుకున్నాడు. ఆఖరి పేజీని కుట్టు దగ్గర మడిచి, గోటితో మడత నొక్కి, చిరుగు వంకర పోకుండా నెమ్మదిగా విడదీశాడు. దాన్ని మంచం పక్కన పెట్టాడు. మిగిలిన కథ అడుగున, తల్లి చనిపోయినచోట, ఎర్ర పెన్సిలుతో అడ్డగీత గీశాడు. బళ్లో పిల్లల వ్యాసాల కింద గీసే గీత అది. తర్వాత మళ్లీ చెయ్యి గోడకు ఆనించుకున్నాడు.

కరుణమ్మ తినకుండా పోనివ్వలేదు. జొన్నరొట్టె, బుడ్డల్తో నూరిన ఊరిబిండి పచ్చడి, బుడ్డలంటే వేరుశెనగ. బయల్దేరుతుంటే దారికని వేయించిన బుడ్డలు పొట్లం కట్టి ఇచ్చింది. పొట్లం దేనితో కట్టిందో వీధి మలుపు దాటాక చూశాను: ఆ ఆఖరి పేజీ. తెలిసి కట్టిందో, తెలియక కట్టిందో నాకిప్పటికీ తెలియదు.

తిరుగు బండి

నంద్యాల స్టేషనుకు ఓబుళయ్య వచ్చాడు. సంగతి చెప్పాను.

"ఎంత చెప్పినా ఎక్కలేదా?"

"ఎక్కలేదు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మనమే దించినాం గదప్పా" అన్నాడు.

గాజులపల్లెలో ఒక పెద్దాయన చింతపండు గంపతో ఎక్కి నా ఎదురుగా కూచున్నాడు. పొట్లం చాపితే గుప్పెడు బుడ్డలు తీసుకుని, నూనె మరకల కాగితం వైపు చూపించి, "ఏం రాసుండాది దాంట్లో?" అన్నాడు. ఆయనకు చదువు రాదు. బుడ్డలు రుమాల్లో పోసుకుని ఆ పేజీ చదివి వినిపించాను.

"దీనికి ముందేంది?"

ముందు కథంతా చెప్పడం మొదలెట్టాను. చెలమ స్టేషను దాటాం. తల్లి చనిపోయేసరికి బండి సొరంగంలో దూరింది. చీకట్లో ఆ చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు. పెద్దాయన ముందుకు వంగి తన తల నా తలకు ఆనించి, "ఊఁ, చెప్పు" అన్నాడు. ఆయన నుదురు చెమటతో తడిగా ఉంది. కథ చివరిదాకా అలాగే చెప్పాను.

వెలుతురు వచ్చాక ఆయన వెనక్కి జరిగి, "ఆ కడాన ఉండేదే బాగుండాదప్పా. అది లేకుంటే ఏముండాది దాంట్లో?" అన్నాడు.

ఆయనకు ఆ కథతో కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. గిద్దలూరులో గంప నెత్తినెత్తుకుని దిగిపోయాడు.

చీరాల వచ్చాక ఆ పేజీ కింద ఆయన మాట ఉన్నదున్నట్టు రాసి ఆళ్లగడ్డకు పంపించాను. అన్నయ్య చదివి, "ఎవరో రైల్లో అన్నారంటే ఎవరు నమ్ముతారురా? నువ్వు చీరలమ్మేటప్పుడు చెప్పేదీ ఇదేగా" అన్నాడు. మద్రాసు నుంచి గానీ ఆళ్లగడ్డ నుంచి గానీ జవాబు రాలేదు. వార్షికోత్సవంలో కుక్క కథ చదివారనీ, జనం బాగా నవ్వారనీ డాక్టరు గారు రాశారు.

పెద్దాయన పేరైనా అడగాల్సింది. ఆ పోటీ మొత్తానికి దక్కిన ఒక్క సరైన తీర్పూ పేరు లేకుండానే పోయింది.